సార్ పిలిచినంక

రెండో రిపోర్టు కూడా మంచిగా వచ్చిందని పరుశురాం ఫోన్ చేసినప్పుడు నేను తార్నాకలో మా సందు చివర కూరగాయల బండి దగ్గర చుక్కకూర ఏరుతున్నాను. అతను పీహెచ్‌డీ థీసిస్ పరీక్షకులకు ఇచ్చి ఏడాది కావస్తోంది. మొదటి రిపోర్టు మా పెళ్లికి ముందే వచ్చింది. రెండోది ఎప్పుడొస్తుందో క్యాంపస్‌లో ఎవరూ చెప్పలేకపోయారు. ఇప్పుడొచ్చింది. ఇక మిగిలింది వైవా, పరీక్షకుల ముందు నోటి పరీక్ష, ఒక్కటే. సంతోషం పట్టలేక బండి ఆమెకు కూడా చెప్పేశాను. ఆమెకు ఏమర్థమైందో గానీ, ఇంకో కట్ట నా సంచిలో పడేసి, ఇది నా దిక్కు నుంచి అంది.

తొందరగా ఇంటికి రండి డాక్టర్ గారూ అని పరుశురాంను ఆటపట్టించబోయి, మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాను. అటువైపు నుంచి అతను గొంతు తగ్గించి అన్నాడు.

"అనకు అమలా. సార్ పిలిచినంకనే."

అతను చదివే భాషాశాస్త్ర విభాగంలో ఒక ఆచారం ఉంది. వైవా ముగిశాక పరీక్షకులు తలుపేసుకుని మాట్లాడుకుంటారు. విద్యార్థి తనవాళ్లతో వరండాలో నిలబడతాడు. కాసేపటికి గైడు బయటికొచ్చి, వరండా చివరిదాకా వినిపించేలా, "డాక్టర్ ఫలానా గారూ, లోపలికి రండి" అని పిలుస్తాడు. అన్నేళ్లూ ఏరా, రారా, పోరా అన్న మనిషి నోట 'గారు' అనీ 'రండి' అనీ వినడం ఆ విద్యార్థికి అదే మొదటిసారి. ఆ పిలుపు పడకముందు ఇంకెవరూ, కట్టుకున్న భార్య కూడా, ఆ మాట వాడకూడదు. పెళ్లిచూపుల రోజు అంబర్‌పేటలో మా అమ్మ పెట్టిన జంతికలు తింటూ పరుశురాం నాతో మొదట చెప్పిన సంగతి ఇదే. జీతం గురించి తర్వాత చెప్పాడు. అదేంటో, అప్పుడే నాకు నచ్చేశాడు.

ఆ శుక్రవారం సాయంత్రమే మిఠాయి పట్టుకుని అతని గైడు సూర్యనారాయణ సార్ ఇంటికి వెళ్లాం. సార్ రిటైరయ్యారు గానీ, పరుశురాం ఆయన దగ్గర మిగిలిన ఆఖరి విద్యార్థి. ఇల్లు తార్నాకలోనే. మెట్రో లైను దాటి, రెండు సందులు నడిస్తే వచ్చేస్తుంది. పెళ్లయినప్పటి నుంచి మాకు నడవడం ఒక సరదా. దారిలో ఇస్త్రీ బండి బొగ్గుల వాసన వచ్చినా నాకు పండగలాగే ఉంటోంది ఈ మధ్య.

సార్ మిఠాయి డబ్బా తీసుకుని, తెరవకుండా బల్ల మీద పెట్టారు. కొన్ని నెలలుగా ఆయన గొంతు బొంగురుగా ఉంటోంది. మా పెళ్లికి వచ్చినప్పుడూ అలాగే ఉంది. పాఠాలు చెప్పి చెప్పి అరిగిపోయిందని ఆయనే నవ్వేవారు. ఆ రోజు నవ్వలేదు. గొంతులో పుట్టినది మంచిది కాదని డాక్టర్లు తేల్చారని, స్వరపేటిక మొత్తం తీసెయ్యాలని, ఈ సోమవారం కాక పై సోమవారానికి ఆపరేషన్ పెట్టారని నెమ్మదిగా చెప్పారు. ప్రాణానికి భరోసా ఉందన్నారట. మాటకు లేదు. ఆయన భార్య కమలాదేవి గారు గుమ్మంలో నిలబడి, చీర కొంగు చివర మడతపెడుతూ, విప్పుతూ ఉన్నారు. ఈ సంగతి ఇప్పటిదాకా మాకెందుకు చెప్పలేదని అడిగే ధైర్యం పరుశురాంకు లేదు. నాకూ లేదు.

"కనక నీ వైవా ఆలోగానే అవ్వాలి," అన్నారు సార్. "ఇంతమందిని పిలిచాను. ఆఖరివాణ్ణి పిలవకుండా ఎలా పోనిస్తానురా గొంతును?"

పరుశురాం జడ్చర్ల దగ్గర ఊరివాడు. థీసిస్ అంతా మట్టి పేర్ల మీద. చెలక, దుబ్బ, రేగడి, ఇంకా ఊరూరికీ మారే పేర్లు, ఏ మట్టిని ఎవరు ఎందుకు అలా పిలుస్తారన్నది. అందులో సగం మాటలు వాళ్ల నాన్న భీమయ్య మామ చెప్పినవే. చదువు ఎప్పుడు అయిపోతదని మామ ఎప్పుడడిగినా, సార్ పిలిచినంక అయితది నాయినా అని పరుశురాం చెప్పేవాడు. అందుకని ఊళ్లో ఆ ముసలి దంపతులిద్దరికీ డిగ్రీ అంటే కాగితం కాదు. సార్ పిలుపే.

వైవాకు రావలసిన పరీక్షకుడు నరహరి గారు, విశాఖలో ప్రొఫెసరు. ఏ రోజు వస్తారో ఆయన మెయిల్లో రాసి ఒప్పుకుంటేనే ఇక్కడ ఎగ్జామినేషన్ బ్రాంచి నోటీసు ఇస్తుంది. అదే రూలు. సార్ మధ్యాహ్నమే ఆయనకు మెయిల్ పెట్టారు. ఫోన్ చేస్తే కలవడం లేదు. ఆయన విద్యార్థులతో కలిసి మన్యం గ్రామాల్లో తిరుగుతున్నారని, సిగ్నల్ ఉన్న ఊరికి దిగినప్పుడే మెయిల్ చూస్తారని వాళ్ల ఆఫీసు వాళ్లు చెప్పారు.

సార్ కంప్యూటర్ తెరిచి చూపించారు. ఏళ్ల తరబడి చదవని మెయిళ్లు వేలల్లో. సెమినార్ల పిలుపులు, జర్నళ్ల ప్రకటనలు, ఎవరెవరో పంపిన శుభోదయాలు. ఈ చెత్తలో నరహరి జవాబు వచ్చినా నా కళ్లకు ఆనదని సార్ అన్నారు. అది నేను చూసుకుంటానని వెంటనే అనేశాను. అలాంటి పని నాకు ఎవరైనా ఇస్తే చాలు.

నాకు మెయిలంటే పిచ్చి. హబ్సిగూడలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో నా ఉద్యోగం. అక్కడ ఒకతను నేర్పినప్పటి నుంచి, అందరూ బ్రౌజర్లో చూసుకునే మెయిలును నేను సొంత కంప్యూటర్లోకి దింపుకుని, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల్లో చదువుకుంటాను. అందులో వేరువేరు అరలుండవు. మెయిళ్లన్నీ ఒకే కుప్ప. ఒక్కోదానికి ఎన్ని ట్యాగులైనా తగిలించుకోవచ్చు. ఏ మాటతో వెతికినా రెప్ప వేసేలోగా బయటికి వస్తుంది. కొత్త మెయిల్ రాగానే, నేను చూడకముందే, నేను రాసిపెట్టుకున్న నియమాలు వరసగా దాని మీద నడుస్తాయి. కరెంటు బిల్లయితే 'ఇల్లు' అన్న ట్యాగు, మేనేజరు పంపిందైతే 'పని'.

పెళ్లయ్యాక మా ఇద్దరి మెయిళ్లూ అందులోనే కలిపాను. మంగళసూత్రం కంటే అదే నాకు పెద్ద ముడి అనిపించిందని చెబితే మా అమ్మ తిట్టింది. చిక్కేమిటంటే, ఏం వెతికినా పెళ్లే వచ్చేది. గ్యాస్ కాగితం కోసం వెతికితే ఫోటోగ్రాఫర్ పంపిన తలంబ్రాలు. బస్సు టికెట్ కోసం వెతికితే స్నేహితురాళ్ల దీవెనలు. నేను అవన్నీ తెరుచుకుని కూర్చునేదాన్ని. గ్యాస్ దొరికిందా, మళ్ల మన పెళ్లికి పోయినవా అని పరుశురాం వెనక నుంచి వెక్కిరించేవాడు. అందుకని ఒక నియమం రాశాను. పెళ్లి అన్న మాట తెలుగులో గానీ ఇంగ్లీషులో గానీ ఎక్కడ ఉన్నా, ఆ మెయిలుకు 'పెళ్లి' ట్యాగు తగులుతుంది. ఇన్‌బాక్స్ నుంచి తప్పుకుంటుంది. ఏ వెతుకులాటలోనూ కనబడదు. 'పెళ్లి' అని పేరు పెట్టి అడిగితేనే బయటికొస్తుంది. పట్టుచీరలు దాచిన ఇనప్పెట్టె లాంటిదన్నమాట. రోజూ కాలికి అడ్డం రాదు. ముచ్చటేసినప్పుడు తీసి, మడతలు విప్పి చూసుకుని, మళ్లీ మూసెయ్యొచ్చు. ఇన్నేళ్లలో నేను రాసుకున్న నియమాలన్నిటిలో నాకు అదే ముద్దు.

శనివారం, ఆదివారం సార్ ఇంట్లోనే గడిపాను. ఆయన మెయిళ్లన్నీ కంప్యూటర్లోకి దిగడానికే ఒక పూట పట్టింది. తర్వాత నేను ఎంతో దిద్ది దిద్ది పెట్టుకున్న మా ఇంటి నియమాల ఫైలునే సార్ కంప్యూటర్లోకి ఎక్కించి, ఆయనకు కావలసినవి దాని కింద చేర్చుకుంటూ పోయాను. ట్యాగులకు పేర్లు సారే పెట్టారు. సెమినార్ల వాళ్లకు 'గోల'. పొగిడే వాళ్లకు 'జాగ్రత్త'. జవాబివ్వడానికి మనసొప్పనివాటికి 'చూద్దాం'. పాత విద్యార్థుల మెయిళ్లకు మాత్రం ఆయన ఆలోచించలేదు, 'పిల్లలు' అన్నారు. ఆ ట్యాగు నడిచేసరికి ఎప్పటెప్పటివో బయటికొచ్చాయి. ఉద్యోగం వచ్చిందని, బిడ్డ పుట్టిందని, పేరు మీరే పెట్టాలని. ఆ ఇంట్లో వేరే పిల్లలు లేరు. కమలాదేవి గారు కూడా కాఫీ గ్లాసు పక్కన పెట్టి, కళ్లజోడు తెచ్చుకుని, మా వెనక కూర్చుని చదివారు.

కీబోర్డు మీద 'ఎన్' నొక్కితే నరహరి గారి కొత్త మెయిల్ ఏదొచ్చినా నేరుగా తెర మీద కనబడేలా పెట్టాను. ఇకమీదట మీ పాత పేజీ తెరవక్కర్లేదు సార్, అంతా ఇక్కడికే వస్తుంది అని కూడా చెప్పాను.

గొంతు పొదుపు చెయ్యమని డాక్టర్లు చెప్పడంతో, సార్ ఆదివారం నుంచి మాట్లాడటం మానేసి, అదే గదిలో ఉన్న నాకు మెయిళ్లు పంపడం మొదలుపెట్టారు. లోపల ఏమీ ఉండదు, మాటంతా సబ్జెక్టు లైన్‌లోనే. 'ఫ్యాను తగ్గించు.' 'ఈ పిల్ల నవ్వు ఆపదు.' 'కమలను కూడా కూర్చోమను.' నా ఫోన్ మోగడం, నేను లేవడం. ఒకే ఇంట్లో ఈ ఉత్తరాలాటేమిటని కమలాదేవి గారు విసుక్కున్నారు గానీ, తర్వాత వంటింట్లోంచి ఆవిడే నన్ను కేకేసి, ఉప్మాలోకి పచ్చడి కావాలేమో ఆయన్ను మెయిల్లో అడుగు అన్నారు.

సోమవారం 'ఎన్' నొక్కితే ఏమీ రాలేదు. మంగళవారమూ రాలేదు. ఆఫీసు నుంచి వస్తూ రోజూ అక్కడ దిగి చూశాను. సార్ నాకంటే ముందే చూసి ఉండేవారు. ఆ మీట మీద ఆయన వేలు పెట్టే తీరు చూస్తే నాకు భయమేసేది. అనుమానం తీరక నరహరి పేరుతో మొత్తం కుప్పంతా వెతికాను. పాత మెయిళ్లే వచ్చాయి. కొత్తది లేదు. విశాఖలో ఆఫీసు వాళ్లు కూడా ఆయన ఇంకా కొండల మీదే ఉన్నారని చెప్పారు. ఇక ఆ మెయిల్ రాలేదనే అందరం నమ్మాం. నేను అందరికంటే గట్టిగా నమ్మాను, అది నేను కట్టిన యంత్రం కాబట్టి.

బుధవారం సాయంత్రం నలుగురం ముందుగదిలో కూర్చున్నాం. ఎవరూ లైటు వెయ్యలేదు. నేను ఒక ఉపాయం చెప్పాను. సార్ ఆ పిలుపును ఇప్పుడే ఫోన్‌లో రికార్డు చేసి పెడితే, వైవా ఎప్పుడైనా సరే, ఆ రోజు వినిపించుకోవచ్చు కదా అని. సార్ తల అడ్డంగా ఊపారు. ఫోన్ నా చేతిలోనే మోగింది. 'కాకముందే డాక్టర్ అంటే అది అబద్ధం. ఆఖరి మాట అబద్ధం ఆడను.'

పరుశురాం ఆ మాట నా భుజం మీద నుంచి చదివి లేచి నిలబడ్డాడు. ఆసుపత్రికి తానే పోయి అడుగుతానన్నాడు. ఒక్క వారం జరపమని. వారంలో ఏం మునిగిపోతుందని.

కమలాదేవి గారు అతని వైపు తిరిగారు.

"ఆ మాట నేనూ అడిగాను నాయనా," అన్నారు. "ఇప్పటికే ఆలస్యమైందన్నారు. గొంతు వినాలని మనిషిని పోగొట్టుకోమంటావా?"

పరుశురాం ఆవిడ ముందు నేల మీద కూర్చుండిపోయాడు. తప్పు మాట అన్నానమ్మా అన్నాడు. ఆవిడ అతని తల మీద చెయ్యి వేశారు. కాసేపటికి నా ఫోన్ మళ్లీ మోగింది. పైకి చదవమని సార్ సైగ చేశారు. 'ఆపరేషన్ అయ్యాకే పెట్టుకుందాం. నా బదులు కమల పిలుస్తుంది.'

"నేను పిలవను," అన్నారావిడ. "అది మీ పిలుపు. మీకు రాకపోతే ఆ వరండా మూగగా ఉండనీండి."

ఆ రాత్రి ఇంటికి నడిచే వెళ్లాం. నాయినకు ఏం చెప్పాలె అని ఒక్కసారే అన్నాడు పరుశురాం. నేను అతని చెయ్యి పట్టుకున్నాను.

గురువారం సార్‌ను ఆపరేషన్‌కు ముందు చేసే పరీక్షల కోసం ఆసుపత్రికి తీసుకెళ్లారు. పరుశురాం క్యాంపస్‌లో ఉన్నాడు. గ్యాస్ సిలిండర్ వస్తుందని, కాస్త ఇంట్లో కూర్చోమని కమలాదేవి గారు నన్నడిగారు. నేను సెలవు పెట్టి వెళ్లాను. సార్ కుర్చీలో కూర్చుని అలవాటు కొద్దీ 'ఎన్' నొక్కాను. ఖాళీ. గోడ మీద సార్ పాత ఫోటో ఒకటి ఉంది. ఏదో సభలో, మైకు పక్కకు జరిపి మాట్లాడుతున్న ఫోటో.

మనసు బాగోలేనప్పుడు నేను మా ఇంట్లో చేసే పనే అక్కడా చేశాను. వెతికే చోట 'పెళ్లి' అని టైపు చేశాను. సార్ కంప్యూటర్లో మా పెళ్లి ఏముంటుంది, శుభలేఖ ఉంటుందేమో, ఒకసారి చూసుకుని మూసేద్దాం అనుకున్నాను.

శుభలేఖ ఉంది. దాని పైన, సార్ నరహరి గారికి పోయిన శుక్రవారం రాసిన మెయిల్ ఉంది. అందులో పరుశురాం పని గురించి, ఆపరేషన్ గురించి రాసి, చివర ఇలా రాశారు. 'వాళ్ల పెళ్లి ఈ మధ్యనే అయింది. ఆ పిల్ల ప్రతిదానికీ సంతోషిస్తుంది. ఆ సంతోషానికి నా వల్ల లోటు రాకూడదు. ఎలాగైనా వీలు చేసుకో.'

దానికి పైన, ఎవరూ చదవనట్టు మందపాటి అక్షరాల్లో, నరహరి గారి జవాబు ఉంది. మంగళవారం వచ్చింది. సార్ రాసిందంతా తన జవాబు కింద అలాగే ఉంచేసి పంపారాయన. ఆ పాత మాటల్లో ఉన్న పెళ్లిని పట్టుకుని, నా ముద్దుల నియమం ఆ జవాబును తీసుకెళ్లి ఇనప్పెట్టెలో పెట్టింది. 'ఎన్' నొక్కితే రాలేదు. పేరుతో వెతికినా రాలేదు. రావద్దని నేనే రాశాను కదా.

'శుక్రవారం మధ్యాహ్నం హబ్సిగూడలో నాకు మీటింగు ఉంది. ఆ ఉదయం పదకొండింటికి వైవాకు వస్తాను. ఇదే నా అంగీకారం, మీ ఆఫీసులో చూపించండి. మళ్లీ కొండెక్కుతున్నాను, ఫోన్ అందదు. గురువారం సాయంత్రం విశాఖలో రైలెక్కే ముందు మెయిల్ చూస్తాను. వద్దనుకుంటే అప్పటిలోగా చెప్పండి. మీ పిలుపు వినడానికి నేనూ వరండాలోకి వస్తాను.'

శుక్రవారమంటే మర్నాడే. పరుశురాంకు ఫోన్ చేసి చదివి వినిపించాను. అది ఎక్కడ దాక్కుందో కూడా చెప్పాను, నా వల్లే అని. అతను కోప్పడతాడనుకున్నాను.

"మన పెళ్లిల దాక్కున్నదా," అన్నాడు. "తియ్యి బయటికి. ప్రింటు తీసుకొని రా, నేను బ్రాంచి కాడ ఉంటా."

పక్కింటామెకు సిలిండర్ సంగతి అప్పగించి, సార్ ప్రింటర్లో కాగితం తీసుకుని, స్కూటీ మీద క్యాంపస్‌కు వెళ్లాను. తార్నాక గేటు దాటాక రోడ్డుకు రెండు పక్కలా ఎండ తెల్లగా కాస్తోంది. చెట్ల కింద పిల్లలు గ్రూపు పరీక్షల పుస్తకాలు తెరుచుకుని గొణుక్కుంటూ చదువుతున్నారు. ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి పోతూ ఎప్పుడూ తల తిప్పి ఆ గులాబీ రంగు రాతి గోడలు చూసేదాన్ని. ఆ రోజు చూడలేదు.

ఎగ్జామినేషన్ బ్రాంచిలో మా పని చూసే సూపరింటెండెంటు దిలీప్ గారు కాగితాన్ని రెండుసార్లు చదివారు. తేదీ మీద వేలు పెట్టారు.

"మంగళారం వచ్చిన మెయిల్ గురువారం తెస్తరా? ఇన్ని దినాలు ఏడ పెట్టిండ్రు?"

పరుశురాం ఏదో చెప్పబోయాడు. నేనే ముందుకెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. మా పెళ్లి మెయిళ్లు పనికి అడ్డం రాకుండా దాచే నియమం సార్ మెయిల్లో కూడా పడిందని, ఇది అందులో చిక్కుకుందని. ఆయన నన్ను చూశారు, అతన్ని చూశారు. పెళ్లై ఎన్ని దినాలైందని అడిగారు. నెల దాటింది సార్ అన్నాను.

"మీ పెళ్లి మీకు బీరువాల పెట్టుకోరాదమ్మా, ఎగ్జామినేషన్ బ్రాంచి మీద పడ్డది," అన్నారు. ఆయన పక్క బల్ల దగ్గరున్న ఆవిడ నవ్వు ఆపుకోవడానికి ఫైలు అడ్డం పెట్టుకుంది.

సోమవారం సంగతి పరుశురాం చెప్పినప్పుడు ఆయన చేతిలో కలం ఆగింది. ఆయనకు ఆపరేషన్ గురించి తెలియదు.

"సార్ గొంతా? పరీక్ష హాల్ల నిలబడి టైమైందని ఒక్క మాటంటే, బయట ఆటోవాలా కూడ బండి స్టార్ట్ చేసెటోడు." కాగితాన్ని దగ్గరికి లాక్కున్నారు. "కూసోండ్రి. కంట్రోలర్ సార్ ఇంటికి పోకముందే సంతకం తీసుకొస్త."

ఆయనే స్వయంగా పై అంతస్తుకు వెళ్లారు. మేం బెంచీ మీద కూర్చున్నాం. నోటీసు చేతికొచ్చేసరికి ఆఫీసు గదుల్లో ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆగుతున్నాయి. పరుశురాం దాన్ని తీసుకెళ్లి డిపార్ట్‌మెంట్ వరండాలో బోర్డు మీద అంటించాడు. నాలుగు మూలలా అరచేత్తో రుద్దాడు. ఆ వరండా నేను అంతకుముందు చూశాను గానీ, అంత పొడుగని అప్పుడు తెలిసింది. తలుపు దగ్గర నుంచి చివరి స్తంభం దాకా నడిచి చూశాను. సార్ ఇప్పటి గొంతు ఎందాకా చేరుతుందోనని మనసులో కొలుచుకున్నాను. రెండో స్తంభం దాకా కూడా చేరదు.

అక్కడి నుంచే పరుశురాం ఇంటికి ఫోన్ చేశాడు. మా అత్త లచ్చవ్వ ఎత్తింది. పొద్దున బండికి కాచిగూడలో దిగండ్రి, నేనొచ్చి తీసుకపోత అన్నాడు. ఎందుకు బిడ్డా ఇంత తొందర అని ఆమె అడగడం నాకూ వినిపించింది.

"రేపు సార్ పిలుస్తడు అవ్వా," అన్నాడు. ఫోన్ నాకిచ్చాడు. మిగిలినది నేను చెప్పాను. అవతల అత్త మామను పేరు పెట్టి గట్టిగా కేకేసింది, అంతే.

మేం సార్ ఇంటికి వెళ్లేసరికి వాళ్లు ఆసుపత్రి నుంచి వచ్చి ఉన్నారు. సార్ మొహం వడలిపోయింది. గొంతులోకి గొట్టం దించి చూశారట. రెండు రోజులు పెదవి విప్పొద్దన్నారని కమలాదేవి గారు చెప్పారు. నేను సార్‌ను కంప్యూటర్ దగ్గర కూర్చోబెట్టి ఆ జవాబు చూపించాను. ఎక్కడ దొరికిందో కూడా చెప్పి, క్షమించమన్నాను. సార్ నరహరి గారి మెయిల్ చదివారు. దాని కింద తాను నా గురించి రాసిన వాక్యం నేను చదివేశానని అర్థమై, సిగ్గుపడ్డట్టు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత నోటీసు నకలు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

రెండు రోజులు మాట్లాడకూడదంటే రేపెట్లా సార్ అని పరుశురాం అడిగాడు. మేం ఇంత పరుగెత్తి, ఇప్పుడు ఆయనకు చెడు చేస్తామేమోనన్న భయం అతని మొహంలో ఉంది. సార్ కమలాదేవి గారి వైపు చూశారు.

"ఒక్క మాటకు ఏం కాదులేండి," అన్నారావిడ. "డాక్టరు గారిని నేను అడిగొచ్చాను. ఎప్పుడు అవసరపడుతుందోనని అడిగాను, ఏ మాటో చెప్పలేదు. ఒక్కటైతే పరవాలేదన్నారు."

నేను 'పెళ్లి' నియమాన్ని ఆ కంప్యూటర్లోంచి తీసేశాను. ట్యాగు మాత్రం ఆ రెండు మెయిళ్లకూ అలాగే ఉంచాను. సార్ కీబోర్డు తన వైపు జరుపుకున్నారు. నెమ్మదిగా, రెండు వేళ్లతో కొట్టారు. నా ఫోన్ మోగింది. ఈసారి మాట సబ్జెక్టు లైన్‌లో పట్టలేదు. మొదటిసారి ఆయన మెయిల్ లోపల కూడా రాశారు. నేను పైకి చదివాను.

'రేపు పదకొండింటికి. పరుశురాం ఈ రాత్రి నిద్రపోవాలి, చదవకూడదు. భీమయ్య గారినీ లచ్చవ్వ గారినీ వరండాలో తలుపును ఆనుకునే నిలబెట్టండి, దూరం పోనివ్వకండి. అమల వాళ్ల పక్కన ఉండాలి. అప్పటిదాకా నేను ఎవరితోనూ మాట్లాడను. ఒక్కసారే పిలుస్తాను.'